ఎనిమిది పండుగల చక్రము

ఇంగ్లండులో 1951లో మంత్రవిద్యా శాసనము రద్దయినది. పిదప 1954లో జెరాల్డ్ గార్డ్‌నరు వెలువరించిన గ్రంథముతో విక్కా మతము లోకమున వెల్లడియయ్యెను. ఈ మతస్థులకు సంవత్సరము ఎనిమిది పండుగల చక్రము. అక్టోబరు 31న సావిన్ నాడు మృతులను స్మరింతురు. మే 1న బెల్టేన్ నాడు నెగళ్లు రగిల్చి వేసవి రాకను కొనియాడుదురు. ఫిబ్రవరి, ఆగస్టు మాసారంభములందలి పండుగలతో కూడి ఈ నాలుగును ఐర్లండు ప్రాచీన సంప్రదాయమునకు చెందినవి. తక్కినవి అయనాంతములు రెండు, విషువద్దినములు రెండు.

ఎనిమిదింటిని ఒక్క క్రమమున కూర్చినది 1950 దశకపు చివరిభాగముననే. ప్రాచీనులు వీనినిట్లు జరిపిరనుటకు ఆధారము లేదు. శరద్విషువత్తునకు మేబన్ అను పేరు 1970 దశకమున అమెరికాలో పుట్టినది. అయినను, విద్యుద్దీపముల వెలుగున ఋతువులను మరచిన నగరవాసికి ఇవి సూర్యగతిని జ్ఞప్తికి తెచ్చుచున్నవి. ప్రాచీనత లేకున్నను పండుగకు ప్రాణముండవచ్చును.