ఎక్స్-10: తొందరపడి వచ్చిన యాంప్లిఫయర్

ఫోన్ స్పీకర్‌లో గంటసేపు పాటలు పెట్టినా బ్యాటరీ పెద్దగా దిగదు కదా. దాని వెనక 60 ఏళ్ల కిందటి ఫ్లాప్ కథ ఒకటి ఉంది. ఈరోజు అది చెప్పుకుందాం.

యాంప్లిఫయర్లలో పాతది క్లాస్ ఏ. ఇందులో ట్రాన్సిస్టర్ పాట ఉన్నా లేకపోయినా కరెంటు లాగుతూనే ఉంటుంది. మామూలు సర్క్యూట్‌లో దీని సామర్థ్యం లెక్క ప్రకారమే 25 శాతం దాటదు. అంటే స్పీకర్‌కి 1 వాట్ ఇవ్వడానికి 4 వాట్లు తాగుతుంది, మిగతా 3 వేడి. ఇప్పటికీ ఈ సౌండ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు. చలికాలంలో వాళ్ల గదికి హీటర్ అక్కర్లేదు లెండి.

తర్వాత క్లాస్ బి. తరంగంలో పై సగం ఒక ట్రాన్సిస్టర్‌ది, కింది సగం ఇంకోదానిది. లెక్క 78.5 శాతానికి చేరింది. కానీ పని చేతులు మారేచోట సౌండ్ గరగరలాడింది. అందుకని రెండింటినీ కాస్త మేల్కొలిపి ఉంచారు, అదే క్లాస్ ఏబీ.

అసలు మలుపు 1950ల్లో. బ్రిటన్ ఇంజనీర్ అలెక్ రీవ్స్ వేరే దారి పట్టాడు. ట్రాన్సిస్టర్‌ని సగం తిప్పిన కుళాయిలా వాడితేనే కదా వేడి? స్విచ్‌లా వాడితే? పూర్తి ఆన్‌లో దాని మీద వోల్టేజీ దాదాపు ఉండదు, పూర్తి ఆఫ్‌లో కరెంటు పారదు. రెండు వైపులా వృథా లేదు. తరంగం పైకెళ్తే ఆన్ సమయం పెరుగుతుంది, కిందికొస్తే తగ్గుతుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ టకటకలను వడగట్టి పాటను మిగులుస్తాయి. ఇదే క్లాస్ డి. డి అంటే డిజిటల్ అనుకుంటారు చాలామంది. కాదండీ, సి తర్వాత వచ్చే అక్షరం, అంతే!

1964లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ ఎక్స్-10 అనే కిట్ అమ్మకానికి పెట్టింది. చెప్పింది 10 వాట్లు, వచ్చింది రెండున్నర. తర్వాత వచ్చిన ఎక్స్-20 కూడా కుదురుగా పనిచేయలేదు. ఐడియా తప్పు కాదు, అప్పటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు నెమ్మది. ఆన్ నుంచి ఆఫ్‌కి మారే ఆ మధ్య క్షణం సాగిందంటే అది మళ్లీ సగం తిప్పిన కుళాయే. ఆ 10 వాట్ల ప్రకటన మాత్రం నాకు మింగుడుపడదు.

వేగంగా మారే మాస్‌ఫెట్లు వచ్చాకే క్లాస్ డి నిలబడింది. ఇప్పుడవి సెకనుకి లక్షలసార్లు స్విచ్ అవుతాయి, మంచి డిజైన్ 90 శాతం దాటుతుంది. ఇంకో విషయం, ఆ 78.5 శాతం ఫుల్ వాల్యూమ్ లెక్క. పాటలో ఎక్కువసేపు సౌండ్ తక్కువే ఉంటుంది, అక్కడ ఏబీ దాని దరిదాపులకి కూడా రాదు.

చాలా ఫోన్లలో స్పీకర్ కోసం విడిగా ఆ వడగట్టే కాయిల్ కూడా పెట్టరు. స్పీకర్‌లో ఉన్న కాయిలే ఆ పని చేసేస్తుంది.