బుద్ధుడి మేనిమీది బంగారం

పేరంటంలో ఎవరైనా కొత్త గొలుసు వేసుకొస్తే "అసలుదా, గిల్టా?" అని పక్కావిడ చెవిలో గొణగడం మనకు అలవాటే కదా! గిల్టు అంటే మనకు చులకన. కాని ఆ గిల్టు పనినే వందల ఏళ్ళుగా దైవకార్యంలా చేస్తున్నవాళ్ళున్నారు. నేపాల్‌లో, ఖాట్మండు పక్కనున్న పాటన్ పట్టణపు నేవారు శిల్పులు.

వీరి ప్రతిభ ఈనాటిది కాదు. 1260లో టిబెట్టులో స్తూపం కట్టడానికి కుబ్లయ్ ఖాన్ పనివాళ్ళను కోరితే, నేపాల్ నుంచి 80 మంది బయలుదేరారు. వాళ్ళ నాయకుడు అరనికో, పట్టుమని ఇరవై ఏళ్ళైనా లేని కుర్రవాడు. తర్వాత అతను చైనా వెళ్ళి కట్టిన తెల్లని స్తూపం 1279లో పూర్తయింది. బీజింగ్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది.

విగ్రహం ఎలా చేస్తారో చెబుతాను. ముందు మైనంతో బొమ్మ చేసి, దానిమీద బంకమట్టి మెత్తుతారు. ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన రాగి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఏ విగ్రహం చూసినా దానికదే సాటి. మన గుళ్ళలోని ఉత్సవ విగ్రహాలు పోతపోసేదీ ఈ మైనపు పద్ధతిలోనే. ఆ తర్వాత ఉలితో కనురెప్పలూ, పంచె అంచులూ చెక్కడానికి రోజుల తరబడి పడుతుంది.

ఇక అర్థాలు చూడండి. కుడిచెయ్యి మోకాలిమీదుగా దిగి నేలను తాకుతుంటే అది భూమిస్పర్శ ముద్ర. మారుడు ఎదిరించినప్పుడు బుద్ధుడు భూమినే సాక్షిగా పిలిచిన ఘట్టం అది. చెవి తమ్మెలు సాగి ఉంటాయి. రాజకుమారుడుగా బరువైన కుండలాలు మోసిన గుర్తు. ఇప్పుడా కుండలాలు లేవు, వదిలేశాడు. మహాపురుషుడి 32 లక్షణాలలో బంగారు మేనిఛాయ ఒకటి కనుక, బంగారం వదిలిన ఆయనకే భక్తులు బంగారం పూస్తారు. అది ఐశ్వర్యానికి కాదు, జ్ఞానకాంతికి గుర్తు.

ఆ పూతలోనే ఉందమ్మా అసలు బాధ. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి రాగిమీద పూస్తారు. వేడి తగిలేసరికి పాదరసం ఆవిరైపోతుంది, బంగారం అంటుకుపోతుంది. తర్వాత నున్నటి రాయితో రుద్ది మెరుపు తెస్తారు. జ్వరం చూసే గొట్టం పగిలి పాదరసం పూసలు దొర్లితే మనం పిల్లల్ని అవతలికి లాగేస్తాం. ఆ ఆవిరినే పనివాడు ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి. కనురెప్ప గీసే చేతికి వణుకొస్తే ఇంక ఏముంది? పనిశాల ఇంట్లోనే ఉంటే ఆ గాలి ఆడవాళ్ళకూ, పసివాళ్ళకూ తప్పదు.

పాదరసం వాడకం తగ్గించాలని 2013లో జపాన్‌లో చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. కరెంటుతో పూతవేసే పద్ధతీ ఉంది. కాని పాతపూత నిగ్గు దీనికి రాదని కొనేవాళ్ళు పెదవి విరిస్తే పనివాడు ఏం చేస్తాడు చెప్పండి?

కరుణామూర్తి అని చేతులు జోడించే విగ్రహం కోసం ఒక ఇంటాయన ఊపిరి పోవడం న్యాయమా? మీరెప్పుడైనా అలాంటి విగ్రహం కొనబోతే, పూత ఎలా వేశారో ఒక్క మాట అడగండి. మెరుపు కాస్త తగ్గినా సర్దుకుందాం. బుద్ధుడు ఏమీ అనుకోడు.