అమీగా రంగులు ఇంకా ఆరలేదు

కమడోర్ కంపెనీ న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో అమీగా కంప్యూటర్‌ను ఆవిష్కరించింది 1985 జులై 23న. 40 ఏళ్లు దాటిపోయాయి. కంపెనీ 1994లోనే దివాలా తీసింది. అయినా ఆ కంప్యూటర్‌కు కొత్త భాగాలు అమర్చుకుని, దాని మీద బొమ్మలు వేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు.

కంప్యూటర్ బొమ్మలకు అంతకు ముందూ చరిత్ర ఉంది. 1963లో ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్'తో తెర మీద గీతలు గీశాడు. పదేళ్లకు రిచర్డ్ షూప్ జిరాక్స్ పరిశోధనశాలలో 'సూపర్‌పెయింట్' తయారు చేశాడు. 1984లో వచ్చిన 'మాక్‌పెయింట్' నలుపు తెలుపులకే పరిమితం. అమీగా వచ్చాక సామాన్యుడి బల్ల మీదికి 4,096 రంగుల పళ్లెం దిగింది.

ఆవిష్కరణ సభలో చిత్రకారుడు ఆండీ వార్హోల్ అమీగా ముందు కూర్చున్నాడు. పక్కన గాయని డెబీ హారీ. వీడియో కెమెరా ఆమె ముఖాన్ని పట్టి తెర మీద పెట్టింది. వార్హోల్ మౌస్ అందుకుని రంగులు పోయడం మొదలుపెట్టాడు. రంగు నింపే 'ఫిల్' పనిముట్టు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదని ఇంజినీర్లకు తెలుసు. ఆయన సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. జుట్టుకు పసుపు పులిమాడు. అదృష్టం, యంత్రం ఆగలేదు. సభ చప్పట్లు కొట్టింది.

1987లో వార్హోల్ కన్నుమూశాడు. అమీగా మీద ఆయన వేసిన బొమ్మల ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని వార్హోల్ మ్యూజియానికి చేరాయి. ఆ సభ వీడియో చూసిన కళాకారుడు కోరీ ఆర్కాంజెల్ 2011లో వాటి గురించి ఆరా తీశాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ క్లబ్ సభ్యులు రంగంలోకి దిగారు. ఫ్లాపీ మీది అయస్కాంత సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు నకలు తీశారు. ఫైళ్లు దొరికాయి కానీ తెరుచుకోలేదు. విడుదలకు ముందు నాటి ప్రోగ్రామ్‌తో దాచిన బొమ్మలు అవి. ఆ ఫైళ్ల అమరికను క్లబ్ సభ్యులే విప్పి చూశారు. సూప్ డబ్బా, మూడు కళ్ల వీనస్ సహా 28 బొమ్మలు దొరికాయని 2014లో లోకానికి తెలిసింది.

అమీగా మిగతా కథ ఒక్క దారిన నడవలేదు. 1985 చివర్లో డాన్ సిల్వా రాసిన 'డీలక్స్ పెయింట్' ఆటల బొమ్మలు వేసేవాళ్ల చేతి పనిముట్టయింది. కంపెనీ పోయాక అభిమానులు అమీగాకు వేగం పెంచే పనిలో పడ్డారు. అమీగా 500 అనే మోడల్‌లో 64 కాళ్ల పాత ప్రాసెసర్‌ను ఊడదీసి, ఆ చోట రాస్ప్‌బెరీ పై ఆధారిత 'పైస్టార్మ్' బోర్డు దించుతున్నారు. వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిక్కులూ వస్తాయి. పాత ప్రాసెసర్ మెమరీ చిరునామాకు 32 బిట్లలో 24 మాత్రమే వాడేది. మిగిలిన 8 బిట్లలో సొంత లెక్కలు దాచుకున్న ప్రోగ్రామ్‌లు 32 బిట్లూ చదివే ప్రాసెసర్ మీద కూలిపోతాయి. తమను తామే మార్చుకునే ప్రోగ్రామ్‌లకు ప్రాసెసర్‌లోని క్యాష్‌ను, అంటే ఆదేశాల నకళ్లు దాచుకునే చిన్న మెమరీని, ఆపాలి. అమీగా సొంత చిప్‌లను నమ్ముకున్నవి కొత్త గ్రాఫిక్స్ కార్డు మీద బొమ్మే చూపవు. అందుకే తెలిసినవాళ్లు ఎన్ని కొత్త భాగాలు చేర్చినా ఆ చిప్‌లను మాత్రం తీసేయరు.

ఫైలు ఒక్కటి దాస్తే చాలదని వార్హోల్ ఫ్లాపీలు రుజువు చేశాయి. దాన్ని తెరిచే ప్రోగ్రామ్, ఆ ప్రోగ్రామ్ నడిచే యంత్రం కూడా బతకాలి. మన ప్రచురణకర్తల దగ్గరా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు పుస్తకాలున్నాయి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేది అర్థంకాని అక్షరాల గుంపే. మీ ఇంట్లోనో ప్రెస్సులోనో పాత కంప్యూటర్ ఉంటే తూకానికి వేయకండి. ముందు అందులోని ఫైళ్లు, ఫాంట్లు, ప్రోగ్రామ్ డిస్కులు కలిపి భద్రం చేయండి.