కొద్ది వాద్యం, నిండు గొంతు

గిటారుమీద మూడు నాలుగు కార్డ్‌లు మాత్రమే తెలిసినవాడు సభలో పాడవచ్చునా? చరిత్ర పాడవచ్చుననే చెబుతున్నది. అమెరికాలో ఊడీ గథ్రీ (1912–1967) కొద్దిపాటి గిటారుతోనే శ్రమజీవుల పాటలు పాడినాడు. మన బుర్రకథలో కథకుని తంబురా రాగం పలకదు. శ్రుతి నిలిపి, లయకు తోడవుతుంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలిలో షేక్ నాజర్ ఆ తంబురా పట్టే జనాన్ని కదిలించినాడు. ఆయన శాస్త్రీయ సంగీతం నేర్చినవాడే. అయినా వాద్యాన్ని మాటకు దారి ఇమ్మన్నాడు. మా మల్కాజిగిరి చేరువ అల్వాల్‌లో నివసించి, 2023లో కన్నుమూసిన గద్దర్‌కు చేతికర్ర, కాలిగజ్జె, డప్పు చాలినవి.

అయితే వాద్యం తగ్గినకొద్దీ గొంతుమీద, మాటమీద బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయటానికి సాధన తప్పదు. వాద్యపాండిత్యమే అర్హత అంటే మాత్రం నేను ఒప్పుకోను. అప్పుడు వేదిక తీరుబడి గలవారి సొత్తయిపోతుంది.