గినీ పందులు బయటపెట్టిన మందు

తెలుగులో తామర అంటే పువ్వూ ఉంది, జబ్బూ ఉంది. పువ్వు మీద పద్యాలకు లెక్కలేదు; జబ్బు సంగతి ఎవరూ ఎత్తరు. గుండ్రంగా మచ్చకట్టి, అంచుల వెంట పాకుతూ, గోకినకొద్దీ గోకాలనిపించే ఆ జబ్బుకు నోట్లో వేసుకునే మంచి మందు దొరికి ఇంకా డెబ్భై ఏళ్లు కూడా కాలేదు. నిజానికి ఆ మందు అంతకు 19 ఏళ్ల ముందే మనుషుల చేతిలో ఉంది.

1939లో లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ (ఊరు కాదు, మనిషి పేరే), రైస్ట్రిక్, సిమొనార్ట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక రకం పెనిసిలియం బూజు నుంచి గ్రిసియోఫుల్విన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది బాక్టీరియాను చంపదు. అందరి చూపూ బాక్టీరియాను చంపే మందుల మీదే ఉన్న కాలంలో దాన్ని పట్టించుకునే నాథుడెవరు? 1946లో బ్రయన్ బృందానికి మరో బూజులో, శిలీంధ్రాల పోగులను మెలికలు తిప్పే పదార్థం దొరికింది. మరుసటి ఏడు చూస్తే అది పాత గ్రిసియోఫుల్వినే! వేళ్ల ద్వారా పీల్చుకున్న మొక్కల ఆకులకు బూజు తెగులు పట్టదని 1951లో చూపించారు. అంటే మొక్కలకు మందయింది, మనుషులకు కాలేదు.

ఈలోగా తల తామర వచ్చిన పిల్లలకు ఏం చేసేవారు? ఎక్స్-రేలతో జుట్టంతా రాల్చేవారు. పారిస్‌లో సబురో 1904లో పెట్టిన పద్ధతి అది. 1948 తర్వాత ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన కుటుంబాల్లో, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవారిలో, వేలాది పిల్లలకు ఇలాగే చేశారు. వాళ్లలో మెదడు కణుతులు, థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నాయని మోదన్ బృందం 1974లో ప్రకటించింది. 1994లో పరిహారపు చట్టం వచ్చింది. వలస వచ్చినవాళ్లం మనం కూడా కనుక, ఈ ముక్క దాటి ముందుకు పోవడానికి నాకు మనసొప్పలేదు.

గ్లాస్గోలో జె.సి. జెంటిల్స్ చేసింది చూడటానికి చిన్న పనే. తామర అంటించిన గినీ పందులకు గ్రిసియోఫుల్విన్‌ను నోటి ద్వారా ఇచ్చాడు. పైపైన పూస్తే పెద్దగా పనిచేయని మందు, లోపలి నుంచి వెళ్లి చర్మాన్ని బాగుచేసింది. ఇక్కడొక చిక్కుంది. గినీ పందికి తామర కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. కాబట్టి మందు ఇవ్వని జంతువులను పక్కన పెట్టుకుని పోల్చకపోతే ఘనత మందుదో, జంతువుదో తేలదు. ఫలితం 1958లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మందు తిన్న గినీ పందుల వెంట్రుకల్లోనే ఆ మందు ఉందని 1959లో చూపించారు. అసలు కిటుకు అదే. మందు చేరిన కొత్త వెంట్రుకలోకి, కొత్త చర్మంలోకి శిలీంధ్రం చొరబడలేదు. పాతది పెరిగి రాలిపోవాలి. అందుకే వారాల తరబడి, గోళ్లకైతే నెలల తరబడి మింగాలి. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. నెయ్యి వద్దనే డాక్టర్ల మధ్య ఇది నాకు నచ్చిన మందు!

1958 చివరికే లండన్‌లో రోగులకు ఇచ్చి చూశారు. త్వరలోనే పిల్లల తలలకు ఎక్స్-రేల అవసరం తీరిపోయింది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గత పదేళ్లకు పైగా మన దేశంలో మొండి తామర విజృంభిస్తోంది. దానికి కారణమైన శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. చాలాచోట్ల దానికి టెర్బినాఫిన్ లొంగడం లేదు. పాత గ్రిసియోఫుల్విన్ అంతకంటే బలహీనం. ఇట్రాకొనజోల్ కొంత నయం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరిలో ఇది బయటపడింది. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ పక్కన సర్దుకునే క్రీము ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఎరుపు పోతుంది, అడుగున శిలీంధ్రం మాత్రం నిశ్చింతగా పాకుతూనే ఉంటుంది.