చొక్కా కింద తుపాకీ: అమెరికాలో ప్రొబేషన్ అధికారి

నేరం రుజువైన మనిషిని జైలుకు పంపకుండా, కొన్ని షరతులు పెట్టి, ఒక అధికారి కనుసన్నల్లో ఇంటి దగ్గరే బతకనివ్వడాన్ని ప్రొబేషన్ అంటారు. అమెరికాలో సుమారు 30 లక్షల మంది ఇలా జైలు బయట శిక్ష గడుపుతున్నారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగే ప్రొబేషన్ అధికారి. తెలుగునాట పోటీ పరీక్షలు రాసే పిల్లల నోట ‘పీవో’ అంటే బ్యాంకు ఉద్యోగం. ఈ కొలువుకూ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. భారతదేశంలోనూ 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద ఇలాంటి అధికారులున్నారు. విచారించి కోర్టుకు నివేదిక ఇవ్వడం, నిఘా పెట్టడం, సలహా చెప్పడం, ఉపాధి దొరికేలా చూడడం ఆ చట్టం వాళ్లకు అప్పగించిన పనులు. అందులో ఆయుధం మాట లేదు. అమెరికాలో మాత్రం ఇదే పని చేసేవాళ్లలో చాలామంది నడుముకు పిస్తోలు కట్టుకుని, పైన చొక్కా కప్పుకుని ఇళ్లకు వెళ్తారు.

ఈ వృత్తి మొదలైంది ఒక బూట్ల వ్యాపారితో. జాన్ ఆగస్టస్ బోస్టన్‌లో బూట్లు కుట్టించి అమ్మేవాడు. తాగుడు మాన్పించే సంఘంలో సభ్యుడు. 1841 ఆగస్టులో ఒకరోజు పోలీసు కోర్టులో కూర్చుని ఉండగా, చిరిగిన బట్టలతో ఒక తాగుబోతును తీసుకొచ్చారు. ఆగస్టస్ అతనితో రెండు మాటలు మాట్లాడి, ఇక తాగనని మాట తీసుకుని, తానే పూచీపడి విడిపించాడు. మూడు వారాల తర్వాత అతన్ని మళ్లీ కోర్టుకు తెస్తే అక్కడివాళ్లు ఆనవాలు పట్టలేకపోయారు. న్యాయమూర్తి ఒక సెంటు జరిమానా వేసి, ఖర్చుల కింద 3 డాలర్ల 76 సెంట్లు కట్టమన్నాడు. 1859లో చనిపోయేలోగా ఆగస్టస్ దాదాపు రెండు వేల మందికి ఇలా పూచీ ఉన్నాడు. జీతం లేదు, పదవి లేదు, అధికారం అసలే లేదు. అతని చేతిలో ఉన్నది ఇచ్చిన మాట ఒక్కటే.

పూచీ పడే ఈ పనికి చట్టం తోడైన నాడే పోలీసు ప్రశ్న కూడా పుట్టింది. మసాచుసెట్స్ రాష్ట్రం 1878లో చేసిన తొలి ప్రొబేషన్ చట్టం ప్రకారం బోస్టన్ మేయరు ఈ అధికారిని నియమించేవాడు. పోలీసుల్లోంచైనా, మామూలు పౌరుల్లోంచైనా తీసుకోవచ్చు. 1891 నాటి చట్టం ఆ దారి మార్చింది. నియామకం కోర్టుల చేతికి వచ్చింది. ఉద్యోగంలో ఉన్న పోలీసు ఈ పని చేయరాదని కూడా ఆ చట్టం చెప్పింది. ఫెడరల్ కోర్టులకు, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టాల కేసులు చూసే కోర్టులకు, ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. శిక్షను నిరవధికంగా ఆపి ఉంచే అధికారం ఫెడరల్ న్యాయమూర్తులకు లేదని 1916లో సుప్రీంకోర్టు తేల్చింది. అధ్యక్షుడు కూలిడ్జ్ 1925 మార్చిలో ప్రొబేషన్ చట్టం మీద సంతకం చేశాకే వాళ్లకు ఆ అధికారం దక్కింది. 1940లో ఫెడరల్ ప్రొబేషన్ అధికారులు ప్రభుత్వ న్యాయశాఖలోని జైళ్ల విభాగం పర్యవేక్షణ నుంచి కోర్టుల పరిపాలనా కార్యాలయం కిందికి మారారు. అప్పటి నుంచి వాళ్లు న్యాయశాఖ మనుషులు కారు, కోర్టు మనుషులు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఈ అధికారి సామాజిక కార్యకర్తకు దగ్గరగా ఉన్నాడు. 1970ల నుంచి గాలి మళ్లింది. నేరస్థులను సంస్కరించే కార్యక్రమాల ఫలితాలను రాబర్ట్ మార్టిన్‌సన్ 1974లో ఒక వ్యాసంలో గట్టిగా ప్రశ్నించాడు. నేరాలూ మత్తుమందులూ పెరుగుతుంటే, జైళ్లు కిక్కిరిసిపోతుంటే, సంస్కరణ కంటే నిఘాకు బరువు పెరిగింది. 1982లో జార్జియా రాష్ట్రం మొదలుపెట్టిన కట్టుదిట్టమైన ప్రొబేషన్‌లో సిబ్బంది వారానికి ఐదుసార్లైనా మనిషిని ముఖాముఖి చూడాలి. ఆఫీసులో బల్ల వెనక కూర్చుంటే జరిగే పని కాదది. ఇంటికి వెళ్లాలి, రాత్రిపూట కూడా వెళ్లాలి.

ఇంటికి వెళ్లడమంటే ఎలా ఉంటుందో చూస్తే తుపాకీ ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. అధికారి తలుపు తట్టి, గుమ్మానికి ఎదురుగా నిలబడకుండా ఒక పక్కకు జరుగుతాడు. లోపల ఎంతమంది ఉన్నారో, కుక్క ఉందో లేదో తెలియదు. తలుపు తీశాక జీతం కాగితం చూడాలి, మత్తు పరీక్షకు మూత్రం నమూనా తీసుకోవాలి, పిల్లలెలా ఉన్నారో అడగాలి. అడుగుతూనే ఎదుటి మనిషి చేతులు గమనిస్తూ ఉండాలి. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం పెద్ద నేరాల్లో దోషులైనవారికి తుపాకీ నిషేధించింది. అయినా తుపాకులు విరివిగా ఉన్న దేశంలో ఏ సోఫా కింద ఏముందో చెప్పలేం. 1986 సెప్టెంబరు 22న ఇండియానాపొలిస్‌లో టామస్ గాల్ అనే ఫెడరల్ ప్రొబేషన్ అధికారిని, తాను చూడవెళ్లిన మనిషే షాట్‌గన్‌తో కాల్చి చంపాడు. 1996లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, ఫెడరల్ అధికారులు తుపాకీ ధరించడానికి స్పష్టమైన అనుమతి ఇచ్చింది.

ఆ అనుమతికీ హద్దులున్నాయి. ముందు ఆ జిల్లా ఫెడరల్ కోర్టు ఒప్పుకోవాలి. దేశంలో అలాంటి జిల్లాలు 94. తర్వాత కోర్టుల పరిపాలనా కార్యాలయం పెట్టిన నిబంధనల ప్రకారం శిక్షణ పొంది, గురి పరీక్షల్లో నెగ్గాలి. కొత్త అధికారులకు దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో శిక్షణ కేంద్రం ఉంది. తుపాకీని బట్టల కింద దాచుకోవడం వెనకా కారణాలున్నాయి. ఆ మనిషి కేసు సంగతి ఇరుగుపొరుగుకు చాటినట్టు కాకూడదు. అతనికి పని ఇచ్చిన యజమాని బెదరకూడదు. ఇంట్లో పిల్లలు హడలిపోకూడదు.

రాష్ట్రాల్లో తీరు ఒక్కలా లేదు. కాలిఫోర్నియా చట్టం ప్రొబేషన్ అధికారిని ‘పీస్ ఆఫీసర్’ అంటుంది. అంటే పోలీసు కాకపోయినా, తన పని మేరకు పోలీసు అధికారాలు కొన్ని ఉన్నవాడు. తుపాకీ ధరించాలంటే మాత్రం అతని శాఖ అనుమతించాలి, శాఖ పెట్టిన షరతులకు లోబడాలి. అక్కడ ప్రొబేషన్ కౌంటీల వ్యవహారం కాబట్టి ఊరు మారితే రివాజు మారుతుంది. టెక్సాస్‌లో రెండు షరతులు: ఆయుధ నైపుణ్య ధ్రువపత్రం ఉండాలి, శాఖ డైరెక్టరు సమ్మతించాలి. అదీ డ్యూటీలో ఉన్నంతసేపే. న్యూయార్క్ చట్టం పోలీసు ఆఫీసర్ల జాబితా వేరుగా, పీస్ ఆఫీసర్ల జాబితా వేరుగా ఇచ్చి, ప్రొబేషన్ అధికారిని రెండోదాంట్లో చేర్చింది.

ఇంతకీ ఇతను పోలీసా? ఏ విషయంలో అడిగితే ఆ విషయానికి ఒక జవాబుంది. షరతు మీరాడనడానికి తగిన ఆధారముంటే, తన పర్యవేక్షణలో ఉన్న మనిషిని వారంటు లేకుండానే అరెస్టు చేసే అధికారం ఫెడరల్ అధికారికి చట్టం ఇచ్చింది. ఆచరణలో ఆ పని ఎక్కువగా ఫెడరల్ చట్ట పరిరక్షణ సిబ్బందైన మార్షల్స్‌కు వదిలేస్తారు. పింఛను లెక్కల్లో ఇతను చట్ట పరిరక్షణ అధికారే. 37 ఏళ్లు నిండకముందే చేరాలి, 57కి విరమించాలి. డ్యూటీ లేనప్పుడు కూడా, ఏ రాష్ట్రంలోనైనా దాచిన తుపాకీతో తిరిగే వీలు కల్పిస్తూ 2004లో వచ్చిన చట్టం ఉద్యోగాల పేర్లు చెప్పలేదు, అర్హతలు చెప్పింది. వాటిలో ముఖ్యమైనవి అరెస్టు అధికారం ఉండడం, తుపాకీకి సొంత శాఖ అనుమతి ఉండడం. అందుకే ఒకే హోదా గల ఇద్దరు అధికారుల్లో ఒకరికి ఆ వీలు దక్కుతుంది, శాఖ తుపాకీకి అనుమతి ఇవ్వని రెండోవారికి దక్కదు.

సుప్రీంకోర్టు మాటలోనూ ఈ రెండు ముఖాలు కనిపిస్తాయి. ప్రొబేషన్ అధికారి అడిగిన ప్రశ్నకు పాత హత్య ఒప్పుకున్న మనిషి కేసులో, మౌనంగా ఉండే హక్కు గురించి ముందే హెచ్చరించనక్కర్లేదని 1984లో చెప్పింది. 1987 నాటి గ్రిఫిన్ కేసులో ప్రొబేషన్ అధికారులు వారంటు లేకుండా, ప్రొబేషన్‌లో ఉన్న గ్రిఫిన్ ఇల్లు సోదా చేసి పిస్తోలు పట్టుకున్నారు. ఐదుగురికి నలుగురి తేడాతో కోర్టు దాన్ని సమర్థించింది. ప్రొబేషన్ అధికారి పోలీసులా ఎదుటిపక్షం కాదని, తన పర్యవేక్షణలోని మనిషి మేలును మనసులో పెట్టుకోవాల్సిన ఉద్యోగి అని ఒక కారణం చెప్పింది. మేలు కోరేవాడన్న నమ్మకం మీదే అతనికి పోలీసుకు లేని చొరవ దక్కిందన్నమాట.

తుపాకీ మీద వాదం ఇక్కడే తిరుగుతుంది. ఒంటరిగా ఇళ్లకు వెళ్లే ఉద్యోగి ప్రాణానికి రక్షణ ఉండాలన్నది ఒక పక్షం. పిస్తోలు కట్టుకున్నవాడికి ఎవరూ కష్టం చెప్పుకోరని, మళ్లీ తాగానని ఒప్పుకోరని రెండో పక్షం. రెండూ అనుభవం మీద నిలిచిన మాటలే. అందుకే అమెరికా చట్టం ఒక్క తీర్పు ఇవ్వకుండా అరెస్టును, ఆయుధాన్ని, పింఛనును, సోదాను విడివిడిగా తేల్చి, తుపాకీ నిర్ణయాన్ని కోర్టులకూ శాఖలకూ వదిలిపెట్టింది.