దేవుని ప్రేమించుట – ఒంగోలు పల్లెలు నేర్పిన పాఠము



ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏది అని ఒక శాస్త్రి అడిగినప్పుడు, నిండు మనస్సుతో, ఉన్న బలమంతటితో దేవుని ప్రేమించడమే అని ప్రభువు జవాబిచ్చాడు. మార్కు 12వ అధ్యాయములో ఇది చూస్తాము. ఈ ఆజ్ఞ మొదట ఇవ్వబడిన ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము చదవండి. ఆజ్ఞ వెనుకనే ఇల్లు, దారి, పడక, ద్వారబంధము కనబడతాయి. అంటే ఈ ప్రేమ మందిరములో ఆగిపోయేది కాదు, మన గడప దాటి లోపలికి వచ్చేది.

వేదాంత కళాశాలలో ప్రేమ అనే మాటకు గ్రీకులో ఎన్ని పదాలున్నాయో నేను నేర్చుకున్నాను. అయితే ఆ మాటకు అర్థము నాకు ఒంగోలు ప్రాంత సంఘ చరిత్రలో దొరికింది. ఈ దినము దానిని మీతో పంచుకుంటాను.

యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్థుడు. అంతకు ముందు యోగ మార్గములో దేవుని వెదికినవాడు. వ్యాపారము మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో సువార్త విన్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మము పొందారు. చదువు లేని ఆ మనిషి ఊరూరా నడిచి, తన బంధువులకు, తనతో లావాదేవీలున్నవారికి క్రీస్తును చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమందితో సంఘము ఏర్పడింది. మిషనరీ జాన్ క్లౌ దొరగారు కొద్ది రోజులకే పేరయ్యగారి పల్లె దగ్గర గుడారము వేసి, 28 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఆ తొలి విశ్వాసులు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి చిన్న మాటలే. కాని ఆనాటి పల్లెలో వీటి వెల ఏమిటో ఆలోచించండి. రైతుకు చెప్పులు, మోటకు తోలు సామాను చేసి ఇస్తేనే కళ్ళములో వారికి గింజలు. యజమాని పిలిస్తే ఏ రోజైనా వెళ్ళాలి. కొలుపులలో డప్పు కొట్టాలి. చచ్చిన పశువు వారికి తోలు మాత్రమే కాదు, ఆకలి తీర్చే కూడు కూడా. ఇక్కడ ఎవరి తిండినీ తీర్పు తీర్చడము నా ఉద్దేశము కాదు. ఆకలిగొన్నవాడు తన ముందున్న కూటిని ప్రభువు కోసము వదులుకున్నాడు, అది చూడండి. డప్పు కొట్టము అన్నందుకు కొన్ని గ్రామాలలో వారికి పని పోయింది, నీళ్ళు కరువయ్యాయి, దెబ్బలు తగిలాయి.

తరువాత 1876-78 నాటి గొప్ప కరువు వచ్చింది. క్లౌ దొరగారు సర్వే పని తెలిసినవారు. బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకొని, బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి కూలి ఇచ్చారు. సాయంత్రము పని ఆగినప్పుడు వాక్యము చెప్పేవారు. చాలామంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు! సుమారు పదిహేను నెలలు ఆపివేశారు. కూలి కోసము, గింజల కోసము ఎవరూ రాకూడదని ఆయన భయము.

కరువు పని ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు. అప్పుడు 1878 జూన్‌లో జనము మళ్ళీ వచ్చారు. సహాయము అడగలేదు, బాప్తిస్మమే అడిగారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున నీళ్ళలోకి దిగి, ఒక్క దినములో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

అంబలి కోసము మతములో కలిశారని నేటికీ మన తాతలను ఎగతాళి చేసేవారున్నారు. మనము కోపపడనవసరము లేదు, ఈ చరిత్ర చెబితే చాలు. అయితే నన్ను గద్దించేది ఆ 2,222 అనే సంఖ్య కాదు, దానికి ముందున్న పదిహేను నెలలు. చేతికి ఏమీ రానప్పుడు కూడా దేవుడు కావాలనడమే ప్రేమ.

ప్రియ సహోదరీ, సహోదరుడా, మన సంగతి ఏమిటి? స్వస్థత కోసము, ఉద్యోగము కోసము, వీసా కోసము ప్రార్థిస్తాము, మంచిదే. అది రాకపోతే వచ్చే ఆదివారము మందిరములో ఉంటామా? తూకములో, ఆఫీసు సంతకములో, పొలములో కూలివానికిచ్చే డబ్బులో దేవుని ప్రేమ కనబడుతున్నదా? ఆ తాతలు నష్టపడి వదిలినవాటిని మనము లాభము కోసము తిరిగి పట్టుకోవడము లేదు కదా? వారిని తక్కువగా చూసిన కులభేదమును మనమే సంఘములోనికి తేవడము లేదు కదా? కంటికి కనబడే సహోదరుని ప్రేమించకుండా కనబడని దేవుని ప్రేమించలేమని యోహాను తన మొదటి పత్రికలో హెచ్చరించాడు.

ప్రార్థన చేద్దాము. ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మా పితరుల విశ్వాసము కొరకు మీకు స్తోత్రము. మీరిచ్చే వాటిని కాక మిమ్మునే కోరుకొనే మనస్సు మాకు దయచేయండి. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.